వాహన సందేహాలు: ఎత్తు దించిన పాత పికప్‌లో ముందు స్ప్రింగ్ తన సీటు నుంచి జారకుండా ఉండాలంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం గురించి ఉన్నాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చాను. మొదటి జవాబు కొంత పొడవుగా ఉంటుంది. మిగిలిన ఇద్దరు కూడా దానిని పూర్తిగా చదివిన తరువాతే తమ జవాబుకు రావాలని నా మనవి, ఎందుకంటే కొలతల లెక్క అంతా అందులోనే ఉంది.

ప్రశ్న: నేను అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటున్నాను. రెండేళ్ల క్రితం 1970 నాటి షెవ్రొలే సీ-10 పికప్ ట్రక్కు కొన్నాను. అంతకు ముందరి యజమాని ముందు భాగాన్ని దాదాపు మూడు అంగుళాలు కిందికి దింపించారు. ఇటీవల ఛాసిస్ (బండి కింది ఉక్కు చట్రం) కింద జాకీ పెట్టి ముందు భాగాన్ని లేపితే రెండు కాయిల్ స్ప్రింగులూ వదులైపోయి, చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి. కుడివైపు స్ప్రింగ్ చివర తాను ఆని కూర్చునే సీటు వదిలి అంచు మీదికి ఎక్కి కూర్చుంది. స్పీడ్ బంప్ దాటినప్పుడు ముందు నుంచి ఠప్పుమని చప్పుడు వస్తోంది. దగ్గరలోని వర్క్‌షాపు వారు స్ప్రింగ్ కింది చివరను ఆర్మ్‌కు (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే ఇనుప చేతికి) వెల్డింగ్ చేస్తే సరిపోతుందన్నారు. చేయించవచ్చా? లేక క్లిప్పులు వేయిస్తే చాలా?

జవాబు: వెల్డింగ్ చేయించవద్దు. ఈ జవాబు మీ చేతికి అందేలోపు ఆ పని జరిగిపోకూడదని మనసారా కోరుకుంటున్నాను. స్ప్రింగ్ ఉక్కును ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచి, ఆపైన తక్కువ వేడి మీద పదును సరిచేసి తయారుచేస్తారు. దానిలో ఎంత వంచినా తిరిగి నిలబడే గుణం ఆ పదును వల్లనే వస్తుంది. దాని మీద వెల్డింగ్ చుక్క పడిన చోట ఉక్కు గాజులా పెళుసెక్కుతుంది, ఆ పక్కనే ఉన్న పట్టీ మెత్తబడుతుంది. బండి ప్రతి గతుకులోనూ ఆ చుట్టును మెలిపెడుతూనే ఉంటుంది కనుక పగులు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. అంటే వెల్డింగ్ చేసినవారు స్ప్రింగ్ ఎక్కడ విరగాలో గుర్తు పెట్టి ఇచ్చినట్టే. అంతేకాక, ఇప్పుడు స్ప్రింగ్ వదులుగా ఉందంటే దానికి మరొక కారణం ఉంది, వెల్డింగ్ దానిని అసలు తాకదు. మరమ్మతు పూర్తయ్యే వరకు ఈ బండిని రోడ్డు మీదికి తీసుకువెళ్లకండి.

ఆ కారణం అర్థం కావాలంటే మీ బండి ముందు భాగం ఎలా అమర్చి ఉందో ఒకసారి చూడాలి. షెవ్రొలే పికప్‌లకు 1960లో ముందు చక్రాలు దేనికదే కదిలే అమరిక వచ్చింది. మొదటి మూడేళ్లూ అందులో టార్షన్ బార్లు (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు) వాడి, 1963 నుంచి కాయిల్ స్ప్రింగులకు మారారు. మీ సీ-10లో ప్రతి చక్రానికీ పైన పొట్టి కంట్రోల్ ఆర్మ్, కింద పొడవాటి కంట్రోల్ ఆర్మ్ ఉంటాయి. స్ప్రింగ్ పై చివర క్రాస్‌మెంబర్‌లోని (ఛాసిస్ అడ్డ దూలంలోని) గూడులోకి వెళ్తుంది, కింది చివర కింది ఆర్మ్ మీద ఉన్న సీటులో కూర్చుంటుంది. స్ప్రింగ్ ఊపును అణిచే షాక్ అబ్జార్బర్ దాని లోపల ఉండదు, పక్కన విడిగా ఉంటుంది. ఈ చివరి సంగతిని గుర్తుంచుకోండి. మధ్యలో ఏ కడ్డీ లేకపోవడం వల్ల వదులైన స్ప్రింగును నిలిపి ఉంచడానికి గూడు అంచు తప్ప మరేదీ లేదు.

స్ప్రింగును సీటులో పట్టి ఉంచేది ఏమిటని అడిగితే చాలామంది క్లిప్పు అనో, సీటు అంచు అనో, బండి బరువు అనో చెబుతారు. బండి నేల మీద నిలబడి ఉన్నంతసేపు బరువు అన్న జవాబు నిజమే. కాని చక్రం గాలిలో వేలాడిన క్షణంలో ఆ బరువు ఉండదు. అప్పుడు కూడా స్ప్రింగ్ కదలకుండా ఉండాలంటే, చక్రం వేలాడగలిగినంత కిందికి వేలాడినప్పుడు పై సీటుకూ కింది సీటుకూ మధ్య మిగిలే దూరం, ఏ ఒత్తిడీ లేని స్ప్రింగ్ సహజ పొడవు కంటే తక్కువగా ఉండాలి. అంటే పూర్తిగా వేలాడిన స్థితిలో కూడా స్ప్రింగ్ కొంచెమైనా నొక్కుకొని ఉండాలి. కంపెనీ తయారుచేసిన బండిలో ఈ నొక్కు ఎప్పుడూ ఉంటుంది. పొట్టి స్ప్రింగ్ వేసి బండిని దించినప్పుడు స్ప్రింగ్ పొడవు తగ్గుతుంది గాని, ఆర్మ్ ఎంత కిందికి వేలాడగలదో ఆ కొలత మాత్రం మారదు. ఆ రెండింటి మధ్య ఏర్పడిన ఖాళీయే మీరు చేత్తో తిప్పి చూసిన వదులు.

ఒక లెక్కతో చూద్దాం. ఇవి మీ బండి కొలతలు కావు, పద్ధతి తెలియడానికి తీసుకున్న గుండ్రటి అంకెలు మాత్రమే. అసలు స్ప్రింగ్ సహజ పొడవు 14 అంగుళాలు, దాని మీద పడే భారం 2000 పౌండ్లు, ఒక అంగుళం నొక్కడానికి 500 పౌండ్లు కావాలి అనుకోండి. నేల మీద అది 4 అంగుళాలు నొక్కుకొని 10 అంగుళాలకు వస్తుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు సీట్ల మధ్య దూరం 12.5 అంగుళాలు అనుకుంటే, అప్పుడు కూడా ఒకటిన్నర అంగుళం నొక్కు మిగిలి ఉంది. ఇప్పుడు దాని పొడవులోంచి 2 అంగుళాలు కోసేశారు. చుట్లు తగ్గిన స్ప్రింగ్ బిగుసుకుంటుంది కాబట్టి ఇప్పుడు అంగుళానికి దాదాపు 583 పౌండ్లు కావాలి. అదే 2000 పౌండ్ల కింద అది సుమారు 3.4 అంగుళాలు నొక్కుకొని 8.6 అంగుళాల దగ్గర నిలుస్తుంది. స్ప్రింగ్ ఆర్మ్ మధ్యలో ఉండి చక్రం ఆర్మ్ చివర ఉండడం వల్ల, స్ప్రింగ్ దగ్గర ఒక అంగుళం మార్పు చక్రం దగ్గర రమారమి రెండు అంగుళాలవుతుంది. అంటే బండి 2.9 అంగుళాలు దిగింది, మీ బండి దిగినంతే. కాని వేలాడిన స్థితిలో సీట్ల మధ్య దూరం ఇంకా 12.5 అంగుళాలే, స్ప్రింగ్ పొడవు మాత్రం 12. అర అంగుళం ఖాళీ వచ్చింది.

ఈ లెక్కలోనే మందు కూడా ఉంది. ఆర్మ్ మరీ కిందికి జారకుండా, సీట్ల మధ్య దూరం 11.5 అంగుళాలు దాటకుండా ఆపగలిగితే స్ప్రింగ్ మీద ఎప్పుడూ అర అంగుళం నొక్కు నిలుస్తుంది. అలా ఆపితే చక్రం కిందికి దిగే వీలు తగ్గి బండి గతుకుల మీద ఎగిరిపడుతుందని చాలామంది భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు. అసలు బండిలో నేల మీది స్థితి నుంచి స్ప్రింగ్ సాగగలిగింది 2.5 అంగుళాలు, చక్రం దగ్గర 5 అంగుళాలు. దించిన బండిలో మనం ఆపు పెట్టిన తరువాత కూడా స్ప్రింగ్ 8.6 నుంచి 11.5 వరకు, అంటే 2.9 అంగుళాలు సాగుతుంది. చక్రం దగ్గర అది దాదాపు 6 అంగుళాలు. కంపెనీ ఇచ్చిన దానికంటే ఇంకా ఎక్కువే ఉంది. బండిని దించడం వల్ల ఊరికే వచ్చిపడిన అదనపు వేలాటను మాత్రమే మనం తీసివేస్తున్నాము.

కాబట్టి మీరు చేయవలసిన అసలు పని ఆ ఆపును సరైన చోట పెట్టడం. అందుకు కొలత తీయాలి. సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద బండిని నిలిపి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టి, ఛాసిస్ కింద రెండు వైపులా గట్టి స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలు రెండూ తీసేయండి. రెండూ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఎడమ ఆర్మ్‌నూ కుడి ఆర్మ్‌నూ కలిపే స్టెబిలైజర్ బార్ మీ బండికి ఉంటే, ఒక చక్రాన్ని మాత్రమే వేలాడనిచ్చినప్పుడు ఆ బార్ దానిని కొంత పైకి పట్టి ఉంచుతుంది, మీకు దొరికే కొలత తప్పవుతుంది. ఒకవైపు కొలిచి స్ప్రింగ్ బిగువుగానే ఉందని తేల్చుకున్నవారు, రెండు ముందు చక్రాలూ ఒకేసారి గాలిలోకి లేచే పెద్ద స్పీడ్ హంప్ మీద మళ్లీ అదే చప్పుడు విని అయోమయపడడం నేను చూశాను.

తరువాత కింది ఆర్మ్ చివర, బాల్ జాయింట్‌కు (ఆర్మ్ చక్రం వైపు కలిసే గుండ్రటి కీలుకు) దగ్గరగా, జాకీ పెట్టి ఆర్మ్‌ను ఆనించి, ఆపైన షాక్ అబ్జార్బర్ కింది బోల్టు విప్పండి. ఈ పని మొదలుపెట్టే ముందే స్ప్రింగ్ చుట్ల గుండా ఒక గట్టి ఇనుప గొలుసును దూర్చి ఛాసిస్‌కు చుట్టి బోల్టుతో బిగించాలి. మీ స్ప్రింగులు వదులైనవే కాబట్టి గొలుసు ఎందుకని అనిపించవచ్చు. కాని పైన చెప్పిన అసలు స్ప్రింగ్ 4 అంగుళాలు నొక్కుకొని ఉన్నప్పుడు అందులో దాగి ఉండే శక్తి, 50 కిలోల బియ్యం బస్తా నడుము ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తికి సమానం. అది ఒక్క క్షణంలో ఒకే దిక్కున విడుదలవుతుంది. గొలుసు వేయకుండా స్ప్రింగ్ దగ్గర చెయ్యి పెట్టే అలవాటు ఒకసారి పడితే, తరువాత బిగువైన స్ప్రింగ్ దగ్గర కూడా అదే అలవాటు కొనసాగుతుంది.

ఇప్పుడు జాకీని మెల్లగా దించి ఆర్మ్‌ను పూర్తిగా వేలాడనివ్వండి. కుడివైపు అంచెక్కిన స్ప్రింగును సరిచేసి, దాని కింది కొస సీటులోని మెట్టుకు ఆని ఉండేలా తిప్పి కూర్చోబెట్టండి. తరువాత జాకీతో ఆర్మ్‌ను కొద్దికొద్దిగా లేపుతూ స్ప్రింగును చేత్తో తిప్పుతూ ఉండండి. అది తిరగడం మానేసిన చోట జాకీని ఆపి, షాక్ పై బిగింపు నుంచి కింది బిగింపు వరకు ఉన్న దూరాన్ని టేపుతో కొలిచి రాసుకోండి. అక్కడి నుంచి హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) దగ్గర ఇంకొక అంగుళం ఆర్మ్‌ను లేపండి. స్ప్రింగ్ దగ్గర అది దాదాపు అర అంగుళం నొక్కు అవుతుంది. ఆ స్థితిలో షాక్ బిగింపుల మధ్య ఉన్న దూరమే మీ బండిలో షాక్ సాగవలసిన గరిష్ఠ పొడవు. స్ప్రింగ్ పొడవునూ, లెక్కలనూ పక్కన పెట్టి నేరుగా షాక్ దగ్గరే కొలవడంలో ఒక లాభం ఉంది. షాక్ వాలుగా ఉంటుంది, ఆర్మ్ మీద వేరే చోట బిగిసి ఉంటుంది, కాబట్టి దాని కదలిక స్ప్రింగ్ కదలికకు సమానం కాదు. నేరుగా కొలిస్తే ఆ తేడా గురించి ఆలోచించనక్కరలేదు.

ఆ తరువాత ఆర్మ్‌ను పూర్తిగా పైకి లేపినప్పుడు, అంటే ఆర్మ్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు బంప్‌స్టాప్‌కు ఆనినప్పుడు, షాక్ బిగింపుల మధ్య ఎంత దూరం ఉంటుందో కూడా తెలియాలి. దానికి స్ప్రింగ్ తీసి ఉండాలి, లేకపోతే జాకీ బండినే లేపుతుంది. ఈ రెండు కొలతలకూ సరిపోయే షాక్ కొనండి. దించిన బండ్ల కోసమే పొట్టి షాకులు అమ్ముతారు గాని, పెట్టె మీద మీ బండి పేరు ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. సాగిన పొడవు, ముడుచుకున్న పొడవు అని ఇచ్చే రెండు అంకెలను మీ కొలతలతో పోల్చి చూడండి. దించిన బండిలో పాత పొడవాటి షాక్ ఉంచడం రెండు విధాల చేటు. అది స్ప్రింగ్ వదులయ్యేంత కిందికి ఆర్మ్‌ను జారనిస్తుంది, పైకి వచ్చినప్పుడు బంప్‌స్టాప్ కంటే ముందే పూర్తిగా ముడుచుకుపోయి తానే దెబ్బ తింటుంది.

అయితే షాక్ ఒక్కదాని మీదే ఈ ఆపు బాధ్యత మోపడం నాకు పూర్తిగా సమ్మతం కాదు. వేలాడిన ప్రతిసారీ చక్రం, బ్రేకు, ఆర్మ్‌ల బరువంతా లోపలి పిస్టన్ కడ్డీ చివర తగులుతుంది. నెమ్మదిగా, అప్పుడప్పుడు అయితే ఫరవాలేదు, వేగంగా పదే పదే అయితే షాక్ ఆయుష్షు తగ్గుతుంది. మీ తరం సీ-10లో పై ఆర్మ్‌కు ఒక రబ్బరు బంపర్ ఉంటుంది. చక్రం మరీ కిందికి దిగినప్పుడు తగిలేది అదే. యాభై ఏళ్ల నాటి ఆ రబ్బరు చాలా బండ్లలో ఎండి రాలిపోయి ఉంటుంది. ముందు అది ఉందో లేదో చూడండి. లేకపోతే కొత్తది వేయండి. దాని మందాన్ని కొద్దిగా పెంచితే మీరు కోరుకున్న చోట ఆర్మ్ ఆగవచ్చు. అలా కుదరకపోతే, ఎడారి పందేల బండ్లలో వాడే నైలాన్ లిమిట్ స్ట్రాప్ మంచి ఉపాయం. ఛాసిస్‌కూ కింది ఆర్మ్‌కూ మధ్య దానిని బోల్టుతో బిగిస్తారు. భారం పడినప్పుడు ఆ పట్టీ కొంత సాగుతుంది కాబట్టి కొలత కంటే కొద్దిగా పొట్టిగా తీసుకోవాలి. ఎక్కడా రాసుకోకుండా, పొగ గొట్టానికి దూరంగా ఉండేలా అమర్చాలి.

మీరు అడిగిన క్లిప్పుల సంగతికి వస్తాను. కింది ఆర్మ్ సీటులో స్ప్రింగ్ చివరి చుట్టును పట్టే బిళ్ల, బోల్టు బిగించడానికి రంధ్రం ఉంటే తప్పక బిగించండి. అవి తుప్పు పట్టి ఉంటే కొత్తవి వేయండి. సీటు అంచు తుప్పు తినిపోయి ఉంటే, స్ప్రింగును పూర్తిగా బయటికి తీసిన తరువాత మాత్రమే ఆర్మ్ మీద చిన్న ఇనుప పెదవిని వెల్డింగ్ చేయించవచ్చు. ఆర్మ్‌కు వెల్డింగ్ చేయడం వేరు, స్ప్రింగుకు చేయడం వేరు. కాని ఇవన్నీ రెండో రక్షణ మాత్రమే. నొక్కు లేని స్ప్రింగును క్లిప్పుతో కట్టేస్తే, వేలాడిన ప్రతిసారీ పై చివర గూడు నుంచి కిందికి జారుతుంది, తిరిగి లేచేటప్పుడు గూడు అంచును గుద్దుతుంది. చప్పుడు చోటు మారుతుందే తప్ప పోదు. ఇదే బండి వెనక భాగంలో, ఛాసిస్ నుంచి వెనక ఇరుసుకు పోయే ట్రెయిలింగ్ ఆర్మ్‌ల మీద ఉండే కాయిల్ స్ప్రింగులను పైనా కిందా కూడా బోల్టుతో పట్టి ఉంచారు. ముందు భాగంలో అలాంటి భరోసా లేదు కనుక ఈ జాగ్రత్త ఇంత అవసరమవుతోంది.

మీ స్ప్రింగులు కోసినవా, దించడానికే తయారుచేసినవా అన్నది కూడా చూడండి. కింది కొసను బ్యాటరీ టార్చితో చూస్తే తెలిసిపోతుంది. కోసిన చోట గ్రైండర్ గీతలు ఉంటే కొంత నయం. కరిగి గడ్డకట్టిన అంచు, దాని పక్కన రంగు మారిన ఉక్కు కనిపిస్తే గ్యాస్ కట్టర్‌తో కోశారని అర్థం. ఆక్సిజన్, ఎసిటిలీన్ మంట 3000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, ఆ చుట్టు పదును పోయి ఉంటుంది. అలాంటి స్ప్రింగును ఎంత బాగా కూర్చోబెట్టినా నమ్మడానికి వీలు లేదు, మార్చేయండి. కోత ఏ చివర పడిందన్నది కూడా ముఖ్యమే. సీటులో సమంగా కూర్చోవడానికి చదును చేసిన కొస ఉంటే దానిని ఎన్నడూ కోయకూడదు. అలా కోసిన స్ప్రింగ్ వాలుగా కూర్చొని, నొక్కినప్పుడల్లా పక్కకు వంగుతుంది, ఎంత నొక్కు ఉన్నా సీటు నుంచి జారడానికే చూస్తుంది.

నా సలహా అడిగితే, కొత్త స్ప్రింగుల ఖర్చు ఎలాగూ తప్పదనుకున్నప్పుడు డ్రాప్ స్పిండిల్స్ గురించి ఆలోచించండి. చక్రం తిరిగే ఇరుసును మామూలు చోటు కంటే సుమారు రెండున్నర అంగుళాలు పైన అమర్చి తయారుచేసిన స్పిండిళ్లు సీ-10కు దొరుకుతాయి. అవి వేస్తే ఆర్మ్‌ల కోణం గాని, స్ప్రింగ్ పొడవు గాని మారకుండానే బండి అంత మేరకు దిగుతుంది. కంపెనీ పొడవు స్ప్రింగ్ కంపెనీ నొక్కుతోనే ఉంటుంది, సీటు తప్పే ప్రసక్తే రాదు. ఇంకా అర అంగుళం దించాలనిపిస్తే ఆ కొద్దిపాటికి మాత్రం స్ప్రింగును ఆశ్రయించవచ్చు. స్ప్రింగ్ కోతతో పోలిస్తే ఖర్చు ఎక్కువే. పాత చక్రాలు రిమ్ము లోపల కొత్త స్పిండిల్‌కు తగులుతాయేమో ముందే చూసుకోవాలి. అయినా మీ బండికి నేను ఎంచుకునే దారి ఇదే.

ఏ దారి పట్టినా చివరగా కొన్ని పనులున్నాయి. ఆర్మ్ పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు గొట్టం లాగబడకూడదు. స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి కూడా చూడాలి. కొత్త ఎత్తులో అలైన్‌మెంట్ తప్పక చేయించాలి. మీ బండిలో పై ఆర్మ్ బిగింపు దగ్గర ఉండే షిమ్ములతో (పలుచని లోహపు బిళ్లలతో) క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం), క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే అక్షం ముందుకో వెనక్కో వాలే కోణం) సరిచేస్తారు. స్ప్రింగ్ కొసనూ సీటునూ కలుపుతూ తెల్ల రంగుతో ఒక గీత గీసి, వంద మైళ్లు తిరిగిన తరువాత మళ్లీ చూడండి. గీత తెగి రెండు ముక్కలు పక్కకు జరిగి ఉంటే స్ప్రింగ్ ఇంకా తిరుగుతోందన్నమాట, ఆపును ఇంకొంచెం పైకి తేవాలి.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో 1976 నాటి ఫోర్డ్ ఎఫ్-100 పికప్‌ను బాగుచేసుకుంటున్నాడు. బండిని దించాలని పొట్టి స్ప్రింగులు వేశాడు. షాక్ మార్చడానికి పాతది విప్పగానే ఇరుసు కిందికి పడి స్ప్రింగ్ ఊడి వచ్చింది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ బండికి కంట్రోల్ ఆర్మ్‌లు లేవట. దానికి ఏమి చేయాలి?

జవాబు: అబ్బాయికి ఏమీ కానందుకు సంతోషం. ఇకమీదట షాక్ విప్పే ముందు ఇరుసు కింద జాకీ, చుట్ల గుండా గొలుసు ఉండి తీరాలని అతనికి చెప్పండి. ఫోర్డ్ వారు 1965లో ప్రవేశపెట్టిన ట్విన్ ఐ-బీమ్ అమరికలో ఒక్కొక్క చక్రానికి ఒక్కొక్క ఉక్కు దూలం ఉంటుంది. ఎడమ చక్రం దూలం కుడివైపున, కుడి చక్రం దూలం ఎడమవైపున బండికి అతికి ఊగుతాయి. స్ప్రింగ్ ఆ దూలం మీద చక్రానికి దగ్గరగా నిలబడుతుంది. దూలం మరీ కిందికి పడకుండా ఆపేది ప్రధానంగా షాక్ అబ్జార్బరే, అందుకే దానిని విప్పగానే అంత పని జరిగింది.

ఇక్కడ స్ప్రింగ్ కింది చివరను లోపలి నుంచి పట్టే బిళ్ల, నట్టు, పై చివరను పట్టే పట్టీ ఉంటాయి. పాత బండ్లలో ఇవి పోయి ఉండడం, లేదా వెనకటి మరమ్మతులో ఎవరో తిరిగి బిగించకపోవడం మామూలే. మొదట అవి రెండు వైపులా ఉన్నాయో లేదో చూసి, లేనివి కొని బిగించమనండి. తరువాత పై జవాబులో చెప్పిన పద్ధతిలోనే, స్ప్రింగ్ బిగుసుకునే చోటు చూసి షాక్ పొడవు నిర్ణయించాలి. ఒక తేడా గుర్తుంచుకోవాలి. స్ప్రింగ్ చక్రానికి దగ్గరగా ఉన్నందువల్ల ఇక్కడ స్ప్రింగ్ ఒక అంగుళం కదిలితే చక్రం అంతకంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ కదులుతుంది. కాబట్టి అర అంగుళం నొక్కు కావాలంటే చక్రాన్ని అర అంగుళం కంటే కాస్త ఎక్కువ లేపితే చాలు, ఒక అంగుళం లేపనక్కరలేదు.

ఈ బండిని పొట్టి స్ప్రింగులతో దించడంలో మరొక ఇబ్బంది ఉంది. దూలం పైకి ఊగే కొద్దీ చక్రం పై అంచు లోపలికి వాలి, టైరు లోపలి వైపు అరిగిపోతుంది. దానికోసమే వంపు మార్చి తయారుచేసిన డ్రాప్ బీమ్‌లు దొరుకుతాయి. వాటితో స్ప్రింగ్ పొడవు దాదాపు అలాగే ఉండి, చక్రం నిటారుగా ఉండి, బండి దిగుతుంది. సీ-10కు స్పిండిల్ చేసే మేలే ఎఫ్-100కు ఆ దూలం చేస్తుంది.

ప్రశ్న: మాది విజయవాడ. మా నాన్నగారి నాటి ప్రీమియర్ పద్మిని కారు ఉంది. ట్రక్కు కాదు గాని మీ శీర్షికలో అడగవచ్చనుకుంటున్నాను. ముందు భాగం కొంచెం దించాలని ఉంది. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ స్ప్రింగు తీయకుండానే గ్యాస్ కట్టర్‌తో ఒక చుట్టు కోసేస్తానని, అరగంట పని అని అన్నారు. చేయించవచ్చా?

జవాబు: ఆ పని చేయించవద్దు. బండిలో ఉన్న స్ప్రింగ్ నొక్కుకొని ఉంటుంది, దానిని అక్కడికక్కడే కోయడం కోసేవారికి ప్రమాదం. మంటతో కోసిన స్ప్రింగ్ గతి ఏమవుతుందో మొదటి జవాబులో చెప్పాను. మీ కారుకు కూడా ముందు కాయిల్ స్ప్రింగులే ఉన్నాయి, పొడవుకూ వేలాటకూ ఉన్న లెక్క దానికీ వర్తిస్తుంది. పైగా మన వీధుల్లోని స్పీడ్ బ్రేకర్లు ఎత్తుగా, నిలువుగా ఉంటాయి. చక్రాలు పూర్తిగా వేలాడే సందర్భాలు టెక్సాస్ వారికంటే మీకే ఎక్కువగా వస్తాయి, దిగిన బండి అడుగు తగిలే సందర్భాలూ అంతే.

చట్టం సంగతి కూడా చూసుకోండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ పొంతన లేకుండా బండిని మార్చకూడదు. మీరు తలపెట్టిన మార్పు దాని కిందికి వస్తుందో రాదో పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

నాన్నగారి కారు అన్నారు కాబట్టి ఒక మాట. ఇన్నేళ్ల స్ప్రింగులు వాటంతట అవే ఎంతో కొంత కుంగి ఉంటాయి. ఎడమవైపూ కుడివైపూ చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు కొలిచి చూడండి. రెండు వైపులా తేడా ఉంటే దించే ఆలోచన పక్కన పెట్టి, ముందు స్ప్రింగులనూ వాటి కింది రబ్బర్లనూ జతగా మార్చి, ఆ కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎత్తులో ఒకసారి నడిపి చూడండి.